వంకర పలక

“నాన్నా, మన ఇంటికి తలుపేది?”

తలస్నానం చేసి, తడి జుట్టు తువ్వాలుతో దులుపుకుంటూ ముందుగదిలోకి వచ్చిన కూతురికి ఎదురుగా వీధి కనిపించింది. తలుపు లేదు. తలుపుతో పాటు ద్వారబంధమూ లేదు. ఎదురింటావిడ తన కిటికీలోంచి వీళ్ళ గోడగడియారంలో టైము చూసుకుంటోంది.

మేస్త్రి ఊడదీసిన ద్వారబంధాన్ని గోడకి ఆనించి, పెదాల మధ్య పట్టుకున్న మేకులు తీసి జేబులో వేసుకున్నాడు. వడ్రంగంలో నలభై ఏళ్ళు పండిన మనిషి. ఆయన పెట్టిన తలుపు వానాకాలంలో బిగిసిందనీ, ఆయన చేసిన మంచం కిర్రుమందనీ ఈ పేటలో ఇంతవరకూ ఎవరూ అనలేదు.

“పియానోని నిలువుగా తిప్పినా గుమ్మం నాలుగంగుళాలు తక్కువొచ్చింది. అందుకని తీసేశాను. బంగళా పెద్దావిడ పియానో అంటే మాటలా!”

“దాన్నే కొంటున్నామని ఎవరు చెప్పారు నీకు?”

“ఎవరు చెప్పాలి?”

“ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!” అన్నాడు అప్పుడే మెట్లెక్కి వస్తున్న బావమరిది. సామాన్లు తోలే వ్యాను ఆయనది. ఎప్పుడొచ్చినా తలుపు తట్టకుండా లోపలికి వచ్చే మనిషి, ఇవాళ తట్టడానికి తలుపు లేదని తెలిసి ముచ్చటపడిపోయాడు. “పియానో ఏ కొట్లో ఉందో తెలీదు, మా బావ గుమ్మం మాత్రం పీకేశాడు. ఇంకో వారం చర్చించుకుంటే గోడలు కూడా ఉండవక్కా!”

వంటింట్లోంచి ఆయన అక్క నవ్వింది గానీ బయటికి రాలేదు.

పదిరోజులుగా ఆ ఇంట్లో పియానో తప్ప వేరే మాట లేదు. కంచాల ముందు పియానో, స్నానాల గది తలుపు బయట పియానో. అసలు ఆ వాయిద్యానికి వేళ్ళతో నొక్కే మెట్లు ఎన్నుంటాయో మొన్నటిదాకా తెలియని బావమరిది కూడా ఇప్పుడు ఎనభై ఎనిమిది అని లెక్కతో సహా దారినపోయేవాళ్ళకి చెబుతున్నాడు. ఎవరి మొహం చూసినా పండగ పిల్లల మొహంలా వెలిగిపోతోంది. ఎవరి గొంతు విన్నా మాత్రం తగాదాగానే ఉంది.

పియానో ఎవరికోసమో ఆవిడ మాత్రం టీ వడగడుతోంది.

ఆవిడ పిల్లల బళ్ళో ఆయా. ఇరవై ఏళ్ళు సంగీతం గది ఊడ్చింది. పియానో మెట్లు పొడిగుడ్డతో ఒక కొస నుంచి ఇంకో కొసకి తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఆరేళ్ళ కిందట ఒక సాయంత్రం ఒక మెట్టు దగ్గర ఆగి, దాన్నే రెండుసార్లు నొక్కింది. గుమ్మంలో నిలబడి చూసిన సంగీతం టీచరు కసురుకోలేదు, కుర్చీ చూపించింది. అలా మొదలైన పాఠాలు ఇప్పుడు పరీక్ష దాకా వచ్చాయి. ఐదు వారాల్లో, యాభై రెండో ఏట, ఎనిమిదేళ్ళ పిల్లల వరసలో కూర్చుని ఆవిడ మొదటి పరీక్ష ఇవ్వబోతోంది, రాసేది కాదు, వాయించే పరీక్ష. ఈలోగా బడివాళ్ళు కొత్త కరెంటు కీబోర్డు తెప్పించుకున్నారు. పాత పియానో తీసేస్తామన్నారు. కీబోర్డు మెట్ల మీద చేసిన సాధన ఆ పరీక్షకి పనికిరాదు. ఇంటికి పియానో రాకపోతే పరీక్ష లేనట్టే.

“షోరూంలో కొత్తది కొంటే గొడవే ఉండదు,” అంది కూతురు. బస్సు టిక్కెట్ల కౌంటర్లో పనిచేసే పిల్ల. రోజూ వందమందితో వాదించి గెలిచి, ఇంటికొచ్చి తండ్రితో ఓడిపోతుంది. “వాళ్ళే తెచ్చి పెడతారు. ఏదైనా పోతే వాళ్ళే బాగుచేస్తారు.”

“అది పియానోనా? రంపప్పొట్టూ జిగురూను. పైన నల్లరంగు.”

“ఆ మాట అక్కడ సేల్స్‌మ్యాన్ మొహం మీదే అన్నావు కదా! వేళ్ళతో టకటకా కొట్టి మరీ అన్నావు. నేను మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ధరల కాగితం వెనకాల దాక్కున్నాను.”

“ఉన్నమాటన్నాను.”

“నువ్వు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు.”

“నేను పట్టిన కుందేలుకి ఎన్ని కాళ్ళో బంగళాకొచ్చి చూసుకో. చేవ కర్ర! వందేళ్ళనాటి పని! ఎక్కడా మేకన్నది లేదు. చెక్కలో చెక్క కూర్చి బిగించారు. ఆ చెక్కడం చూస్తే నాకు...” మేస్త్రి మాట మధ్యలో ఆపేశాడు. గాల్లోనే వేళ్ళతో ఆ చెక్కడాన్ని గీసి చూపించాడు.

“అమ్మా, నువ్వు చెప్పు. నీకేది కావాలి?”

టీ గ్లాసులు బల్లమీద పెడుతూ ఆవిడ అందరి మొహాలూ చూసింది.

“అందరూ నాకోసమే కదా తిరుగుతున్నారు. ఏదైనా మంచిదే.”

అంతకుమించి చెప్పలేదు. నోట్లో నాలుక లేని మనిషి అని ఊరికే అంటారా! నిజానికి ఆవిడ అడిగింది ఒక్కటే, మొట్టమొదటి రోజునే. ‘బళ్ళో పాతదాన్నే అడిగి తెచ్చుకుంటే?’ అంది. మేస్త్రి వెంటనే బడికి వెళ్ళాడు. పియానోని గోడ దగ్గర్నుంచి జరిపించి, వెనకవైపు పెద్ద పలక మీద ఈ కొస నుంచి ఆ కొసకి దారం లాగి పట్టుకున్నాడు. ఏ చెక్కనైనా ఆయన అలాగే చూస్తాడు. దారానికీ పలకకీ మధ్య సందు కనిపించింది. చెమ్మ తగిలి పలక వంకరపోయిందని, ఇది ఇక పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదని పెద్ద టీచరు ఎదుటే తేల్చిచెప్పి వచ్చాడు.

ఆవిడ ఆ రోజు నుంచి మళ్ళీ ఆ పియానో ఊసెత్తలేదు.

“సరే, బంగళాదే చూద్దాం. కానీ శ్రుతి చేసే ఆయన్ని రమ్మన్నాను,” అంది కూతురు. “ఆయన చూసి సరేనంటేనే.”

మేస్త్రి గ్లాసు ఠప్పున పెట్టాడు. “నేను చూశాక ఇంకొకడు చూడాలా?”

“నువ్వు చెక్క చూశావు నాన్నా.”

“పియానో చెక్క కాక మరి పిండితో చేస్తారటే?”

బావమరిది వ్యాను తాళాలు గలగలలాడించాడు.

*

పది గంటలకి నలుగురూ బంగళా చేరారు. తలుపు లేని ఇంటికి ఎదురింటావిడ కాపలా కూర్చుంది. ఆవిడకి అంతకంటే కావలసిందేముంది!

మేస్త్రి చెప్పింది అబద్ధం కాదు. హాల్లో కిటికీ పక్కన నిలబడి ఉన్న ఆ పియానోని చూడగానే కూతురు వాదన మరచిపోయింది. ముందు పలక నిండా ద్రాక్షతీగలు చెక్కి ఉన్నాయి. ఆకుల మీద ఈనెలు కూడా లెక్కపెట్టొచ్చు. బావమరిది జేబులోంచి చేతులు తీసి వెనక్కి కట్టుకున్నాడు.

“ఎలా ఉంది?” అన్నాడు మేస్త్రి, తనే చెక్కినట్టు.

“బాగుంది నాన్నా. చాలా బాగుంది.” కూతురు నవ్వేసింది. “నేనోడిపోయాను పో.”

బంగళా పెద్దావిడ కుర్చీలోంచి లేవకుండానే అంది, “మా అత్తగారిది. నాకు వాయించడం రాదు. వచ్చినవాళ్ళింటికి వెళ్తే నాకూ సంతోషమే.”

శ్రుతి చేసే ఆయన అప్పటికే వచ్చి ఉన్నాడు. సన్నటి మనిషి, భుజానికి తోలుసంచి. ఆయన ద్రాక్షతీగల వంక చూడనైనా లేదు. ఒక మెట్టు నొక్కి కళ్ళు మూసుకున్నాడు. ఇంకోటి నొక్కాడు. తర్వాత మేస్త్రి భార్య వైపు తిరిగాడు.

“మీరే కదమ్మా వాయించేది? కూర్చోండి.”

ఆవిడ చెంగుతో చేతులు తుడుచుకుని కూర్చుంది. మేస్త్రి మీసం దువ్వుకున్నాడు. పరీక్షకి సిద్ధం చేస్తున్న పాటే మొదలుపెట్టింది. నాలుగు వరసలు వాయించి ఆపేసింది. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుని, ఈసారి రెండో వరసలోనే ఆగిపోయింది.

“ఏమ్మా, ఆపేశారు?”

“ఏం లేదండీ.” ఆవిడ తలొంచుకుంది. “నొక్కిన స్వరం నిలవట్లేదు. నేనే సరిగ్గా నొక్కట్లేదేమో.”

“మీ వేళ్ళది తప్పేం లేదు.”

ఆయన బావమరిదిని సాయం పట్టమని, పియానోని గోడకి దూరంగా జరిపించాడు. సంచిలోంచి దారపుండ తీశాడు. వెనక పలక మీద ఈ కొస నుంచి ఆ కొసకి లాగి పట్టుకున్నాడు.

మేస్త్రికి ఆనందం పట్టలేదు. “చూశావా? నేను చేసిన పనే చేస్తున్నాడు! పనివాడండీ మీరు!” అంటూ తనూ వంగి చూశాడు. దారం పలకని ఆ మూల నుంచి ఈ మూలదాకా అంటుకునే ఉంది. “గీత గీసినట్టుంది! వెంట్రుక దూరదు! వందేళ్ళయినా పలక చెక్కుచెదరలేదు, చూశారా?”

“చూశాను. దీని రోగం అదే.”

మేస్త్రి నిటారుగా లేచాడు. “ఏమిటి?”

శ్రుతి చేసే ఆయన దారం చుట్టుకుంటూ బావమరిది వైపు చూశాడు. “వ్యాను మీదే కదూ? వెనక చక్రాల మీద కమాను పట్టీలు ఎలా ఉంటాయి? వంగి ఉండాలా, తిన్నగా ఉండాలా?”

“వంగే ఉండాలండీ. తిన్నబడ్డాయంటే పనైపోయినట్టే. మార్చాల్సిందే.”

“ఇదీ అంతే. తీగలన్నీ కలిసి ఈ పలకని రాత్రీ పగలూ నొక్కుతుంటాయి. ఆ బరువుకి ఎదురు నిలవాలనే దీన్ని కావాలని కొంచెం వంచి బిగిస్తారు. దారం లాగితే మధ్యలో సందు కనబడాలి. సందు ఉంటే ప్రాణం ఉన్నట్టు. ఇది అలిసిపోయి పడుకుంది. బీరువాగా అయితే దీనికి సాటి లేదు.”

మేస్త్రి ముందువైపుకొచ్చి ఒక ద్రాక్షాకు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

“ఊళ్ళో పలక బాగున్న పాత పియానో ఒక్కటే ఉండేది,” అన్నాడు శ్రుతి చేసే ఆయన సంచి సర్దుకుంటూ. “పిల్లల బళ్ళో. పన్నెండేళ్ళు నేనే శ్రుతి చేశాను. ఏం సందు దానికి! ముచ్చటేసేది. నిన్న ఫోన్ చేసి, ఇక రానక్కర్లేదన్నారు. ఎవడో తలమాసినవాడు వచ్చి, దారం లాగి, పలక వంకరపోయింది, పొయ్యిలో పెట్టుకోండి అన్నాట్ట. పాత సామాన్లాయన ఇవాళ పన్నెండింటికి బండేసుకుని వస్తున్నాడు. ఇనుమూ తీగలూ ఊడదీసుకుంటాడు. పలక కట్టెల్లోకి పోతుంది. మీరు అక్కడే కదమ్మా పనిచేస్తారు, మీకు తెలీదా?”

“సెలవులిచ్చారండీ. నేను వెళ్ళి నాలుగు రోజులైంది.” ఆవిడ పియానో మూత మూసేసింది.

తలమాసినవాడు అన్నప్పటినుంచీ కూతురూ బావమరిదీ మేస్త్రి వైపు చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడుతున్నారు. కూతురు పైకప్పు దూలాలు లెక్కపెడుతోంది. బావమరిది దగ్గొచ్చినట్టు నటించి, చివరికి నిజంగానే దగ్గాడు.

“ఎవరండీ ఆ పెద్దమనిషి? మీకు తెలుసా?” అన్నాడు శ్రుతి చేసే ఆయన అమాయకంగా.

“నేనే,” అన్నాడు మేస్త్రి.

నలభై ఏళ్ళలో ఒక చెక్క గురించి ఆయన చెప్పింది తప్పవడం ఇదే మొదలు.

“టైమెంతైంది?”

అడిగింది ఆయన భార్య. అడుగుతూనే లేచింది. జవాబు వినకుండానే పెద్దావిడకి దణ్ణం పెట్టి, చెప్పులు కాళ్ళకి సగం తొడుక్కుని వాకిట్లోకి పరిగెత్తింది. వ్యానులో ముందు సీట్లో అందరికంటే ముందు కూర్చున్నది ఆవిడే.

*

“పదకొండూ ముప్పావు! తొక్కు మావయ్యా!”

“ఇంతకంటే తొక్కితే పెడల్ రోడ్డు మీదికొస్తుందే!”

వ్యాను మలుపు తిరిగినప్పుడల్లా నలుగురూ ఒకరిమీద ఒకరు పడుతున్నారు. కూతురు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి సైకిళ్ళని తప్పుకోమంటోంది.

పెద్ద వంతెన దాటాక మేస్త్రి తన భార్య వైపు చూడకుండా అన్నాడు.

“నీకు అదే కావాలని ఒక్కసారి గట్టిగా చెప్పలేకపోయావా?”

“మీరు వంకరన్నారుగా.”

“నేనంటే మాత్రం? ఆరేళ్ళు వాయించావు. అది బాగుందో లేదో నీ చెవికి తెలీదా?”

“తెలుసు.” ఆవిడ ఒళ్ళో చేతులు కలిపి పట్టుకుంది. “కానీ చెక్క విషయంలో మీ మాట ఎప్పుడైనా తప్పిందా? నా చెవే తప్పేమో అనుకున్నాను.”

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేదనిపించింది మేస్త్రికి. బావమరిది బండి ఇంకాస్త తొక్కాడు.

బడి గేటు బార్లా తెరిచి ఉంది. ఆవరణలో లారీ, లారీ మీద తాళ్ళతో కట్టేసిన పియానో. పాత సామాన్లాయన కింద నిలబడి మెడ చుట్టూ చెమట తుడుచుకుంటున్నాడు. పెద్ద టీచరు వరండా మెట్ల మీద కాగితం మడతపెడుతోంది.

“ఆగండి!” మేస్త్రి వ్యాను ఆగకముందే దూకాడు. “అమ్మా, ఆగండి! నేను తప్పు చెప్పాను!”

పనివాళ్ళు తిరిగి చూశారు. కూతురు ఉన్నచోటే నిలబడిపోయింది. ఆ మాట తండ్రి నోట ఇంతవరకూ ఆ పిల్ల వినలేదు.

“ఆ పలక బాగుంది. వంపు ఉండాల్సిందేనట. నాకు తెలియలేదు. తెలియకుండా నోరు పారేసుకున్నాను. నా మాట నమ్మి మీరు దాన్ని పారేస్తున్నారు. ఆ మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను.”

పెద్ద టీచరు ఇబ్బందిగా చూసింది. “అయ్యో మేస్త్రిగారూ, ఇప్పుడే సంతకం పెట్టేశాను. ఇక అది ఆయనది. ఆయన్నే అడగండి.”

పాత సామాన్లాయన చెయ్యి ఊపాడు. “దానికేముంది! నాకు దీని బరువుకి తగ్గ డబ్బొస్తే చాలు. ఆ ఇనుమేదో ఇంకోచోట చూసుకుంటాను. తీసుకోండి. దించుకునే పని మాత్రం మీదే.”

“మావయ్యా!” అంటూ కూతురు మావయ్య చెయ్యి పట్టుకుని గెంతింది. మేస్త్రి ఆకాశంలోకి చూసి గట్టిగా ఊపిరి వదిలాడు. ఆయన భార్య కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది, నవ్వుతూ మళ్ళీ తుడుచుకుంటోంది.

“ఇంతకీ ఇది మోగుతుందా?” అన్నాడు పాత సామాన్లాయన, తాడు ముడి విప్పబోతూ. “నేను ఇలాంటివి మూడు పగలగొట్టాను. ఒక్కటీ మోగగా వినలేదు.”

ఆవిడ ఒక్కక్షణం కూడా ఆలోచించలేదు. తమ్ముడి భుజం పట్టుకుని లారీ ఎక్కేసింది. బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చుని మూత తెరిచింది.

ఈసారి ఆగలేదు. పాట మొదటినుంచి చివరిదాకా వాయించింది. ఒక్కో స్వరం ఆవరణలోకి వచ్చి, గోడదాకా వెళ్ళి, తీరిగ్గా తగ్గింది. పనివాళ్ళు కూర్చున్నారు. మేస్త్రి నోరు తెరుచుకుని విన్నాడు. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన మనిషి వాయించగా ఆయన సరిగ్గా వినడం అదే మొదటిసారి, ఇంతవరకూ చెక్కనే చూస్తూ వచ్చాడు.

పాట అయిపోయింది. పాత సామాన్లాయన సగం విప్పిన ముడిని మళ్ళీ బిగించాడు.

“ఇవ్వను,” అన్నాడు.

“అదేమిటండీ?” కూతురు ఎగిరిపడింది. “ఇప్పుడే కదా మాటిచ్చారు!”

“ఇనుమనుకుని ఇచ్చాను. ఇది ఇనుము కాదు. మా ఇంటికి పట్టుకెళ్తాను.”

“మాటిచ్చి వెనక్కి తీసుకుంటారా?”

“మీ నాన్న తీసుకోలేదూ?” అన్నాడాయన, కోపం లేకుండానే. “ఇప్పుడే, ఇక్కడే, అందరూ వినగా. ఆయన తెలియక అన్నాడు. నేనూ తెలియకే అన్నాను.”

బస్సు కౌంటర్లో ఏనాడూ కూతురికి ఇంత చిక్కు రాలేదు.

“దిగండమ్మా,” అన్నాడు పాత సామాన్లాయన మర్యాదగా. “బండి తియ్యాలి.”

ఆవిడ మూత వెయ్యలేదు. పెట్టె మీద నుంచి లేవలేదు.

“తియ్యండి,” అంది. “నాకిదే కావాలి. మొదటిరోజు నుంచీ నాకు ఇదే కావాలి. నేను దిగను.”

ఇది ఆవిడ గొంతేనా అని తమ్ముడు తల తిప్పి చూశాడు. పెద్ద టీచరు మెట్టు దిగి వచ్చింది. పాత సామాన్లాయన ఆవిడ వైపు, పియానో వైపు, మేస్త్రి వైపు చూసి, భుజాలెగరేసి డ్రైవరు సీటెక్కాడు. ఇంజను స్టార్టయింది.

మేస్త్రి నాలుగడుగులు పరిగెత్తి, కదులుతున్న లారీ వెనక చెక్క పట్టుకుని ఎగబాకాడు.

“ఎక్కడికి బావా?” అని అరిచాడు బావమరిది.

“నాకేం తెలుసు! వెనకాలే రా!”

లారీ గేటు దాటి, మేస్త్రి ఇల్లున్న వైపు కాకుండా ఎడమకి తిరిగింది.